మానేసినవారు, రానివారు: కోవిడ్ కాలంలో వృద్ధుల సంరక్షణ సిబ్బంది

కోవిడ్ కాలంలో అమెరికా నర్సింగ్ హోంల నుంచి సిబ్బంది మూకుమ్మడిగా వెళ్లిపోయారన్న మాట అప్పటి పత్రికల్లో విస్తారంగా వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. 2020 ఫిబ్రవరిలో ఆ రంగంలో దాదాపు 15.8 లక్షల మంది పనిచేస్తుండేవారు. 2022 ఆరంభానికి ఆ సంఖ్య సుమారు 15 శాతం పడిపోయిందని అమెరికా కార్మిక గణాంకాల విభాగం నెలనెలా ప్రకటించే లెక్కలు చెబుతున్నాయి. ఆసుపత్రులు కోల్పోయిన సిబ్బంది వాటా దీనితో పోలిస్తే చాలా తక్కువ.

అయితే సిబ్బంది సంఖ్య తగ్గిందంటే మానేసేవారు పెరిగారనే అర్థం కానక్కరలేదు. పోయేవారు ఎప్పటిలాగే పోతూ, కొత్తగా చేరేవారు ఆగిపోయినా మొత్తం తగ్గుతుంది. అడుగున చిల్లున్న బిందెలో పైనుంచి నీళ్లు పోస్తున్నంతకాలం మట్టం నిలబడుతుంది. పోయడం ఆపితే చిల్లు పెద్దదవకపోయినా బిందె ఖాళీ అవుతుంది. దొరికిన ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే వృద్ధుల సంరక్షణ రంగంలో జరిగింది చాలావరకు ఇదేనని నాకు అనిపిస్తోంది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

ముందు ఒక స్పష్టత. ఇక్కడ నర్సింగ్ హోం అంటే మన పట్టణాల్లోని చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. మంచం దిగలేని, మతిమరుపు ముదిరిన, సొంతంగా అన్నం తినలేని పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే నివాసం. అక్కడ రోజువారీ చాకిరీలో అధికభాగం నర్సులది కాదు, నర్సింగ్ అసిస్టెంట్లది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, ముద్ద నోటికందించడం, పక్కపుండ్లు రాకుండా ఒత్తిగిలించి పడుకోబెట్టడం వాళ్ల పని. 2020లో వాళ్ల మధ్యస్థ వార్షిక వేతనం 30 వేల డాలర్ల చిల్లర. ఆ దేశపు జీవన వ్యయంలో అది అద్దె, తిండి, పిల్లల సంరక్షణ ఖర్చులకు అరకొరగా సరిపోయే మొత్తం. ఈ పనిలో ఉన్నవారిలో అత్యధికులు స్త్రీలు. నల్లజాతివారు, వలస వచ్చినవారు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు.

మహమ్మారికి ముందు పరిస్థితి ఏమిటో తెలియకుండా మహమ్మారి ఏం చేసిందో చెప్పలేం. అశ్విన్ గాంధీ, హూయిజీ యూ, డేవిడ్ గ్రబౌస్కీ 2021 మార్చిలో ‘హెల్త్ అఫైర్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. వారు 2017, 2018 సంవత్సరాల జీతాల రికార్డుల ఆధారంగా 15,645 నర్సింగ్ హోంలను పరిశీలించారు. నర్సింగ్ సిబ్బందిలో ఏడాదికి మానేసేవారి రేటు సగటున 128 శాతం, మధ్యస్థంగా 94 శాతం అని తేలింది. ఇది కోవిడ్‌కు ముందు మాట.

నూటికి 128 మంది ఎలా మానేస్తారన్న సందేహం సహజం. వంద ఉద్యోగాలున్న ఒక హోంను ఊహించుకోండి. అరవై మంది ఏళ్లుగా అక్కడే ఉన్నారు. మిగతా నలభై స్థానాల్లో ఒకరు చేరి నాలుగు నెలలకు మానేస్తే ఇంకొకరు, వారూ మానేస్తే మరొకరు వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ నలభై స్థానాల్లోనే 120 సార్లు మానేయడం జరిగింది. రేటు 120 శాతం అయింది, అరవై మంది మాత్రం కదలలేదు. అందుకే ఈ రంగంలో ఒక్క సగటు అంకె చూసి ఎవరూ నిలవడం లేదనుకోవడం పొరపాటు. సగటుకూ మధ్యస్థానికీ అంత తేడా ఉండటమే కొన్ని హోంలలో పరిస్థితి మరీ దారుణంగా ఉందని చెబుతోంది.

ఈ లెక్క సాధ్యపడిందంటే ఒక చట్టం వల్ల. అంతకుముందు హోంలు తనిఖీ సమయంలో రెండు వారాల సిబ్బంది వివరాలు తామే రాసి ఇచ్చేవి. తనిఖీ దగ్గర పడుతోందని తెలిసిన యాజమాన్యం ఆ రోజుల్లో మనుషులను పెంచుకోదని అనుకోలేం. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం ప్రకారం 2016 నుంచి ప్రతి ఉద్యోగి రోజుకు ఎన్ని గంటలు పనిచేశారో జీతాల రికార్డుల నుంచి నేరుగా సమర్పించడం తప్పనిసరైంది. వృద్ధుల సంరక్షణ పరిశోధనలో ఇంత పనికొచ్చిన మార్పు ఇటీవలి దశాబ్దాల్లో మరొకటి నాకు కనిపించదు.

అదే రికార్డుల నుంచి మెడికేర్, మెడికెయిడ్ పథకాలను నడిపే అమెరికా ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ 2022 జనవరి నుంచి ప్రతి హోంలోనూ మానేసేవారి రేటును ప్రజలకు చూపడం మొదలుపెట్టింది. ఆ లెక్కలో జాతీయ సగటు 50 శాతం దాటి కొద్దిగా ఉంది. కోవిడ్‌కు ముందు 128, తర్వాత 50 పైచిలుకు అంటే పరిస్థితి బాగుపడిందా? కాదు, కొలబద్ద మారింది. మూడు నెలల్లో కనీసం 120 గంటలు పనిచేసినవారినే సీఎంఎస్ ఉద్యోగులుగా లెక్కిస్తుంది; వరుసగా 60 రోజులు పనిలో కనబడకపోతేనే మానేసినట్టు పరిగణిస్తుంది. వచ్చి పది రోజులు చేసి వెళ్లిపోయినవారు ఈ లెక్కలోకి రానే రారు. రెండు వేర్వేరు చోట్ల చదివిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని రాసే వార్తలను నమ్మే ముందు వాటి నిర్వచనం చూడాలి.

ఇంకో చిక్కుంది. 2020 మార్చిలో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు సీఎంఎస్ ఈ రికార్డులు పంపే బాధ్యత నుంచి హోంలకు తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. ఆగస్టు గడువు నాటికి ఏప్రిల్ నుంచి జూన్ వరకు వివరాలు పంపమని చెప్పి మళ్లీ దారిలో పెట్టింది. అంటే మహమ్మారి మొదలైన 2020 తొలి మూడు నెలల చిత్రమే అన్నిటికంటే మసకగా మిగిలింది.

ఆ తర్వాతి నెలల లెక్కలతో రేచల్ వెర్నర్, నార్మా కో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. దాని ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఒక్కో నివాసికి రోజుకు అందిన నర్సింగ్ గంటలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అయితే కార్మికులు పడ్డ కష్టమంతా అబద్ధమా? ఆ నిష్పత్తిలోని కింది అంకెను చూడాలి. నివాసులు చనిపోయారు, కొత్తవారిని చేర్చడానికి కుటుంబాలు భయపడ్డాయి, ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సలు వాయిదా పడి అక్కడి నుంచి వచ్చేవారు తగ్గారు. పని చేసేవారూ, చేయించుకునేవారూ కలిసి తగ్గితే నిష్పత్తి నిలబడే ఉంటుంది. పైగా ఒక గంట పని మహమ్మారికి ముందూ, మహమ్మారిలోనూ ఒకటి కాదు. 2020 మార్చి 13 నుంచి బంధువుల రాకను నిలిపేశారు. మధ్యాహ్నం వచ్చి తల్లికి అన్నం పెట్టి వెళ్లే కూతురి పని కూడా నర్సింగ్ అసిస్టెంట్ మీదే పడింది. గది గదికీ గౌను, చేతి తొడుగులు మార్చాలి. చివరి ఘడియల్లో చేయి పట్టుకుని కూర్చునే మనిషి కూడా ఆమే. ఈ భారం ఏ జీతాల రికార్డులోనూ గంటలుగా నమోదు కాదు. అందుకే వెర్నర్, కో లెక్క తప్పని అనను; ఆ లెక్క దేనిని కొలవదో గుర్తుంచుకోవాలంటాను.

హోంలన్నిటి సగటును వదిలి, పెద్ద ఎత్తున కోవిడ్ ప్రబలిన హోంలను మాత్రమే తీసుకుంటే చిత్రం మారుతుంది. కారెన్ షెన్, గ్రబౌస్కీ, గాంధీ తదితరులు 2022లో ‘జామా హెల్త్ ఫోరం’లో ప్రచురించిన పరిశోధన అదే చేసింది. వ్యాధి ప్రబలిన వారాల్లో సెలవులు, మానేయడాలు రెండూ పెరిగాయి. ఓవర్‌టైమ్‌తో, ఏజెన్సీల నుంచి తెచ్చిన కాంట్రాక్టు మనుషులతో, కొత్తవారితో ఆ లోటు కొంతే పూడింది. నెలలు గడిచినా పని గంటలు పాత స్థాయికి చేరలేదు. ఈ తగ్గుదల నర్సుల కన్నా నర్సింగ్ అసిస్టెంట్లలో స్పష్టంగా కనిపించింది. కాబట్టి భయంతో, అలసటతో, జబ్బుతో మానేసినవారు లేరని చెప్పడానికి వీల్లేదు. కోవిడ్ బలంగా తాకిన చోట చిల్లు కూడా పెద్దదైంది.

అమెరికా ఇంటింటి ఉపాధి సర్వే ఆధారంగా బియాంకా ఫ్రాగ్నర్, జానెట్ డిల్ చేసిన విశ్లేషణ మరో కోణం చూపిస్తుంది. అది హోంలను కాక మనుషులను అనుసరించింది. ఆరోగ్య రంగం నుంచి వైదొలగడం 2020లో తొలి నెలల్లో ఎగసి, తర్వాత చాలా వృత్తుల్లో మళ్లీ సర్దుకుంది. సహాయకుల స్థాయి ఉద్యోగాల్లో రేటు మొదటి నుంచీ ఎక్కువ, చిన్నపిల్లలున్న తల్లుల్లో మరీ ఎక్కువ. బడులు మూసేసిన రోజుల్లో ఐదేళ్ల బిడ్డను ఇంట్లో ఎవరికి అప్పగించి డ్యూటీకి వెళ్లాలి? మానేసిందని రిజిస్టర్లో రాసిన పేరు వెనుక ఈ ప్రశ్న ఉండి ఉండవచ్చు. ఆ విశ్లేషణ కారణాలు తేల్చలేదు గనుక అంతకు మించి అనలేం.

చేరేవారు ఆగిపోవడమే అసలు సమస్య అన్న నా అభిప్రాయానికి గట్టి ఆధారం అమెరికాలో కన్నా ఇంగ్లండ్‌లో దొరుకుతుంది. అక్కడ ‘స్కిల్స్ ఫర్ కేర్’ అనే సంస్థ వయోజనుల సంరక్షణ రంగం లెక్కలను ఏటా ప్రకటిస్తుంది. 2019–20లో మానేసేవారి రేటు 30 శాతం చుట్టూ ఉంది. మహమ్మారి ఉధృతంగా ఉన్న 2020–21లో అది పెరగలేదు, కాస్త తగ్గి 28 శాతం పైచిలుకుకు వచ్చింది. తర్వాతి ఏడాది 29 శాతం. ఈ అంకెలు మాత్రమే చూసినవారు ఏమీ జరగలేదనుకుంటారు. కానీ 2021–22లో ఖాళీ పోస్టులు 1,65,000కు చేరాయి, అంటే పదింట ఒకటికి పైగా. భర్తీ అయిన ఉద్యోగాల సంఖ్య 50 వేల దాకా తగ్గింది. లెక్కలు మొదలుపెట్టాక అలా తగ్గడం అదే మొదటిసారి.

దీనికి వివరణ కష్టం కాదు. లాక్‌డౌన్‌లో దుకాణాలు, హోటళ్లు మూతపడ్డాయి. కష్టమైనా, జీతం తక్కువైనా సంరక్షణ పని ఉన్నది, ఉన్న పని వదిలి పోవడానికి మరో చోటు లేదు. 2021 వేసవిలో అవన్నీ తెరుచుకుని కాస్త ఎక్కువ కూలి ఇవ్వజూపాక సంరక్షణ వైపు కొత్తవారు రావడం తగ్గింది. అయితే ఇందులో కోవిడ్ వాటా ఎంతో విడదీయడం సులువు కాదు. బ్రెగ్జిట్ ఫలితంగా 2021 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల వారికి బ్రిటన్‌లో స్వేచ్ఛగా వచ్చి పనిచేసే హక్కు ముగిసింది. ఆ నవంబర్ 11 నుంచి కేర్ హోం సిబ్బందికి టీకా తప్పనిసరైంది. మూడు కారణాలు ఒకే ఏడాదిలో వచ్చి పడ్డాయి. అన్నీ కోవిడ్ ఖాతాలో వేసేవారిని గానీ, అన్నీ బ్రెగ్జిట్ ఖాతాలో వేసేవారిని గానీ ఈ ఆధారాలు సమర్థించవు.

టీకా నిబంధన వల్ల ఎంతమంది పోయారన్నది ఆ రోజుల్లో వేడిగా నడిచిన వాదన. ఆధారాలు రెండు దేశాల్లో రెండు రకాలుగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సౌరఫెల్ గిర్మా, డేవిడ్ పాటన్ అంచనా ప్రకారం వృద్ధుల కేర్ హోంలలో సిబ్బంది 3 నుంచి 4 శాతం తగ్గారు. 2022 మార్చిలో ప్రభుత్వం ఆ నిబంధననే ఎత్తేసింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు 2021లో విధించిన నిబంధనలపై బ్రయాన్ మెక్‌గ్యారీ బృందం చేసిన అధ్యయనంలో టీకాలు పెరిగాయి, సిబ్బంది కొరత ఉందని చెప్పిన హోంలు మాత్రం పెరగలేదు. ఈ రెండో అధ్యయనం కొలిచింది యాజమాన్యాలు చెప్పుకున్న కొరతను. మొదటిది కొలిచింది తలల లెక్కను. రెండూ నిజమై ఉండటానికి అవకాశం ఉంది. టీకా ప్రాణాలు కాపాడుతుందన్నదాంట్లో సందేహం లేదు. నిర్బంధం వల్ల ఎందరు పోయారన్నది మాత్రం పొరుగు హోంలకూ అదే నిబంధన ఉందా, వదిలిపోతే వేరే పని దొరుకుతుందా అన్నదాని మీద ఆధారపడి ఉండవచ్చు.

మనుషులు నిలవకపోతే నివాసులకు ఏమవుతుంది? వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లండ్‌లోని లైఫ్ కేర్ సెంటర్ అమెరికాలో తొలి పెద్ద ఉదాహరణ. 2020 మార్చి 18 నాటికి ఆ ఒక్క హోంతో సంబంధమున్న 167 కేసులు తేలాయి: నివాసులు 101 మంది, సిబ్బంది 50 మంది, సందర్శకులు 16 మంది. జబ్బు లక్షణాలతోనే పనికి రావడం, ఒకరే రెండు మూడు హోంలలో పనిచేయడం వ్యాప్తికి తోడ్పడ్డాయని దర్యాప్తు చేసిన ఆరోగ్యాధికారులు పేర్కొన్నారు. ఆ సిబ్బందిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఒక చోట వచ్చే జీతం చాలక రెండో చోట షిఫ్టు చేసేవారు, జ్వరమొస్తే సెలవుకు జీతం రాక పనికి వచ్చేవారు వాళ్లు. తర్వాత కీత్ చెన్, జుడిత్ షెవలియర్, ఎలీసా లాంగ్ స్మార్ట్‌ఫోన్ల కదలికలను పరిశీలించారు. సందర్శకులను ఆపేశాక కూడా ఒక హోంలో కనిపించిన ఫోన్లలో నూటికి ఐదు మరో హోంలో కనిపించాయి. ఆ రాకపోకలు ఎక్కువున్న హోంలలో కేసులూ ఎక్కువున్నాయి.

ఇంగ్లండ్‌లో 5,126 కేర్ హోంల నిర్వాహకులు ఇచ్చిన జవాబులతో చేసిన వివాల్డి అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. జబ్బు పడితే సిబ్బందికి జీతం ఇచ్చే హోంలలో నివాసులకు వ్యాధి సోకడం తక్కువ. దాదాపు రోజూ ఏజెన్సీ మనుషులతో నడిపే హోంలలో ఎక్కువ. ఇది కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. సిక్ లీవు ఇచ్చే యాజమాన్యం మాస్కులూ ముందే కొని ఉండవచ్చు. వ్యాధి ప్రబలి సొంత మనుషులు పడిపోతేనే ఏజెన్సీని పిలిచి ఉండవచ్చు. పైగా ప్రశ్నలు అందుకున్న హోంలలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే జవాబిచ్చాయి. అయినా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చేసిన అధ్యయనాలు ఒకే దిక్కు చూపుతున్నప్పుడు దానికి బరువుంటుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2020 మార్చి చివర్లోనే ఒకరు ఒకే హోంలో పనిచేయాలని ఆదేశించింది. దానితో పాటు అన్ని చోట్లా కూలిని సమం చేసి పెంచింది. రెండో పని వదులుకుంటే ఆదాయం పడిపోకుండా చూసింది. ఈ రెండో సగం లేకుండా మొదటి సగాన్ని అమలు చేసి ఉంటే మనుషులే మిగిలేవారు కాదని నా అంచనా. అదే దేశంలోని క్యూబెక్ రాష్ట్రంలో పరిస్థితి ఇంకా విషమించి, 2020 వసంతంలో వృద్ధాశ్రమాలకు సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఆ వేసవిలో పది వేల మందికి జీతమిస్తూ శిక్షణ ఇచ్చి, గంటకు 26 కెనడా డాలర్ల వేతనం హామీతో పనిలో పెట్టుకుంటామని పిలుపునిస్తే దరఖాస్తులు వెల్లువెత్తాయి. మంచి జీతం ప్రకటించినా ఈ పనికి మనుషులు రారన్నది అబద్ధమని ఆ వెల్లువ రుజువు చేసింది. వచ్చినవారందరూ నిలిచారా అన్నది వేరే సంగతి. కొందరు శిక్షణలోనే, కొందరు తొలి నెలల్లోనే వదిలేశారు.

కార్మిక సంఘాల పాత్రపైనా ఆధారాలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 355 హోంలపై ఆడమ్ డీన్ బృందం 2020లో చేసిన అధ్యయనంలో సంఘమున్న చోట నివాసుల కోవిడ్ మరణాలు సాపేక్షంగా 30 శాతం తక్కువగా కనిపించాయి. తర్వాత దేశమంతటా చూసినప్పుడు ఆ తేడా 10.8 శాతానికి కుదించుకుపోయింది. మొదటి అంకెను ప్రచారం చేసినంతగా రెండోదాన్ని ఎవరూ ప్రచారం చేయలేదు. నా దృష్టిలో రెండోదే నమ్మదగినది, అదీ చిన్నది కాదు.

2022 ఫిబ్రవరి నాటికి అమెరికా నర్సింగ్ హోంలలో కోవిడ్‌తో చనిపోయిన సిబ్బంది 2,300 మందికి పైనే. మానేసేవారి రేటు గురించి రాసేటప్పుడు ఈ అంకెను విడిచిపెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. చనిపోయిన మనిషి రికార్డులో కూడా వరుసగా 60 రోజులు పని గంటలు ఉండవు.

ఖాళీలు పూడ్చడానికి ఇంగ్లండ్ ఎంచుకున్న దారి మనకు నేరుగా సంబంధించినది. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు విదేశీ వీసా తలుపు తెరిచారు. 2022–23లో సుమారు 70 వేల మంది అలా చేరారు. భారతీయుల వాటా అందులో పెద్దది. ఖాళీలు తగ్గాయి. విదేశాల నుంచి వచ్చినవారిలో మానేసేవారు తక్కువని కూడా లెక్కలు చెప్పాయి. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆ వీసా ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే కొద్ది వారాల్లో మరో స్పాన్సర్ దొరక్కపోతే దేశం విడవాలి. లక్షలు అప్పు చేసి ఏజెంటుకు కట్టి వెళ్లినవారు ఎంత ఇబ్బంది పడ్డా మానేయలేరు. రేటు తగ్గడం అన్నిసార్లూ తృప్తికి గుర్తు కాదు. 2024 మార్చిలో కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు తీసేశారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా రప్పించుకోవడాన్నే ఆపేశారు.

అమెరికాలో 2024 ఏప్రిల్‌లో ఒక్కో నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని నియమం తెచ్చారు. ఏడాది తిరగకుండానే టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. మనుషులు దొరకనప్పుడు కనీస సంఖ్య ఎలా పెడతారన్నది యాజమాన్యాల వాదన. క్యూబెక్‌ను చూశాక ఆ వాదనలో సగమే నాకు ఒప్పుదల. దొరకని మాట నిజం; ఆ జీతానికి దొరకని మాట ఇంకా నిజం.

ఇక మన సంగతి. 2021 అంచనాల ప్రకారం అరవై దాటినవారు ఆంధ్రప్రదేశ్ జనాభాలో 12.4 శాతం, తెలంగాణలో 11 శాతం. పిల్లలు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉండగా గుంటూరులో, కరీంనగర్‌లో పెద్దవాళ్లను చూసుకునేది ఏజెన్సీ పంపిన ఆయా, అటెండర్, హోమ్ నర్స్. వాళ్లు నెలలో ఎన్ని ఇళ్లు మారుతున్నారో, జ్వరమొస్తే జీతం ఎవరు ఇస్తున్నారో నమోదు చేయమని ఏ చట్టమూ అడగదు. లాక్‌డౌన్‌లో ఎందరు సొంతూళ్లకు వెళ్లి తిరిగి రాలేదో లెక్క తేల్చే రిజిస్టరూ లేదు. రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు ఈ లోటు పూడ్చడానికి తొలి అడుగుగా ఒకటి చేయాలి: ఇళ్లకు, వృద్ధాశ్రమాలకు మనుషులను పంపే ప్రతి ఏజెన్సీ, ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, ఎంత జీతం చేతికందింది అన్న మూడు వివరాలు మూడు నెలలకోసారి సమర్పించేలా నిబంధన తేవాలి. మీ ఇంట్లో అమ్మానాన్నలను చూసుకునే మనిషి ఉంటే, ఆమె జబ్బు పడిన రోజుకూ జీతం ఇవ్వండి.